గట్టెక్కిన ఆరు ఇస్పేట్లు: అదృష్టం ఏ ముక్క దగ్గర పనిచేసింది?

ప్రశ్న: బ్రిడ్జి పేకాటలో ఒక టీముల పోటీలోని చివరి పంపకం గురించి రాస్తున్నాను. ఇరుపక్షాలూ వల్నరబుల్, అంటే గెలిస్తే వచ్చే బహుమానమూ ఓడితే పడే జరిమానా ఎక్కువగా ఉండే స్థితి. నా భాగస్వామి 15 నుంచి 17 పాయింట్లు (ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1) చూపే 1 నోట్రంప్‌తో (తురుపు రంగు లేని బిడ్) బిడ్డింగు, అంటే ఎన్ని ట్రిక్కులు (పట్టులు) చేస్తామో చెప్పే వేలం, మొదలుపెట్టారు. నా చేతిలో ఇస్పేటు ఆసు, జాకీ, 10, 9, 5. ఆఠీను 8, 3. డైమను ఆసు, 10, 4. కళావరు ఆసు, 9, 4 ఉన్నాయి. నేను ఐదు ఇస్పేట్లు చూపే 3 ఇస్పేట్లు చెప్పాను, ఆయన 4 ఇస్పేట్లతో మద్దతు ఇచ్చారు. వెంటనే 4 నోట్రంప్‌తో, ఎన్ని ఆసులున్నాయని ప్రశ్నించే బ్లాక్‌వుడ్ అడిగితే ఒక ఆసు ఉందని 5 డైమన్లు వచ్చింది. ఆసులు నాలుగూ మావే కదా అని 6 ఇస్పేట్లు, అంటే పదమూడింట 12 ట్రిక్కులు చేయవలసిన చిన్న స్లామ్, చెప్పేశాను. పడమర కూర్చున్నవారు కళావరు రాణి వేశారు. డమ్మీలో, అంటే బల్లమీద పరిచిన భాగస్వామి చేతిలో, ఇస్పేటు రాణి, 8, 7, 4. ఆఠీను ఆసు, రాజు, 6. డైమను రాజు, జాకీ, 5. కళావరు రాజు, 6, 3 కనిపించాయి. కళావరు రాజుతో గెలిచి ఇస్పేటు రాణి వేశాను, ఫినెస్ (బయటి పెద్ద ముక్క ఫలానా ప్రత్యర్థి దగ్గర ఉందని నమ్మి ఆడే ఎత్తు) ఫలించింది, మూడు రౌండ్లలో తురుపులు తీసేశాను. తరువాత చేతిలోనుంచి డైమను 4 వేసి డమ్మీ నుంచి జాకీ ఆడాను, రాణి పడమర దగ్గరే ఉండడంతో అదీ ఫలించింది. ఒక్క కళావరు ఇచ్చి 12 ట్రిక్కులు చేశాను. అవతలి టేబుల్ దగ్గర 4 ఇస్పేట్లలో ఆగి 12 ట్రిక్కులు చేశారు కాబట్టి మాకు 13 ఇంప్‌లు (రెండు టేబుళ్ళ స్కోరు తేడాను మార్చి ఇచ్చే పాయింట్లు) వచ్చి పోటీ గెలిచాం. అయితే నాకంటే వయసులో పెద్దవారైన నా భాగస్వామి మాత్రం, "రెండు ఫినెస్‌లు ఫలిస్తే తప్ప నిలవని 25 శాతం స్లామ్ అది, నీ బిడ్డింగును ఇక నమ్మలేను" అన్నారు. మా టీములో మరొకరు, "అదృష్టం కలిసొచ్చినప్పుడు ఇంకా గట్టిగా బిడ్ చేయాలి" అంటున్నారు. ఎదుటివారు కూడా టేబుల్ దగ్గరే "లక్కీ" అని నవ్వారు. నేను చేసింది తప్పా? ఆయనకు క్షమాపణ చెప్పాలా?

సమాధానం: మీ బిడ్డింగు మంచిదా కాదా, మీ ఆట మంచిదా కాదా, కాంట్రాక్టు (చివరికి నిలిచిన బిడ్) ఎంత శాతం నిలిచేది అనే మూడు వేర్వేరు విషయాలు మీ ఉత్తరంలో ఒకటిగా కలిసిపోయాయి. మీ భాగస్వామీ మీరూ ఒకే అంకెను, అంటే 25 శాతాన్ని, ఈ మూడింటికీ జవాబుగా తీసుకుంటున్నారు. ఆ అంకె తప్పు. దాన్ని ముందుగా సరిచేస్తే తక్కిన రెండింటికీ జవాబు వెతకడం తేలికవుతుంది, కానీ అప్పుడు వచ్చే జవాబు మీ ఇద్దరిలో ఎవరికీ పూర్తిగా రుచించకపోవచ్చు.

డమ్మీ పరిచిన క్షణంలో మీ ముందున్న లెక్క ఇది. ఆఠీనులో ఆసు, రాజు గెలుస్తాయి, మూడో ముక్కను మీ చేతిలో తురుపు వేయవచ్చు, కాబట్టి అక్కడ నష్టం లేదు. కళావరులో ఇరువైపులా మూడేసి ముక్కలు, ఆసూ రాజూ తప్ప మరో పెద్ద ముక్క లేదు, పారేయడానికి వేరే రంగులో అదనపు గెలుపు ముక్క లేదు, కాబట్టి ఒక కళావరు ట్రిక్కు పోవడం ఖాయం. పన్నెండు ట్రిక్కులు కావాలంటే ఇక తురుపు రాజుకు ట్రిక్కు ఇవ్వకూడదు, అంటే ఇస్పేటు రాజు తూర్పు చేతిలో ఉండి తీరాలి. పడమర దగ్గర ఉంటే మీరు ఎంత తెలివిగా ఆడినా స్లామ్ ఓడిపోతుంది, అందువల్ల ఆ సందర్భం గురించి ఒక్క క్షణం కూడా ఆలోచించనక్కరలేదు. ఇంతవరకు మీరు సరిగ్గానే నడిచారు. మొదటి కళావరును చేతిలోని ఆసుతో కాక డమ్మీలోని రాజుతో గెలవడం కూడా సరైన నిర్ణయమే. ఇస్పేటు రాణిని డమ్మీ నుంచి వేయడానికి అక్కడికి చేరాలి, ఆ పని ఏ ముక్కా ఖర్చు కాకుండా మొదటి ట్రిక్కులోనే జరిగిపోయింది, పైగా తరువాత అవసరమయ్యే కళావరు ఆసు మీ చేతిలో నిలిచింది.

తురుపులు తీశాక మీరు డైమను వైపు తిరిగిన తీరు గురించే నేను వివరంగా చెప్పదలచాను. డైమను రాణి ఎటువైపు ఉందో తెలియదు, ఆసు, 10 మీ దగ్గర, రాజు, జాకీ డమ్మీలో ఉన్నాయి కాబట్టి ఎటువైపైనా ఫినెస్ చేయవచ్చు, మీరు పడమరను ఎంచుకున్నారు, అది సరిపోయింది. కానీ ఆ ఎంపిక చేయవలసిన అవసరమే మీకు రాలేదు. మూడు రౌండ్ల తురుపులు తీసేసరికి మీ చేతిలో రెండు తురుపులు, డమ్మీలో ఒకటి మిగిలాయి. అక్కడ నుంచి ఆఠీను ఆసు, రాజు ఆడి, మూడో ఆఠీనును చేతిలో తురుపు వేసి, కళావరు ఆసు తీసుకుని, ఎలాగూ పోవలసిన మూడో కళావరును ఆ సమయంలో ఇచ్చేయాలి. అప్పటికి ఎనిమిది ట్రిక్కులు మీవి, ఒకటి వాళ్ళది. మీ చేతిలో ఒక తురుపు, డైమను ఆసు, 10, 4 మిగులుతాయి. డమ్మీలో ఒక తురుపు, డైమను రాజు, జాకీ, 5 మిగులుతాయి. ఆఠీనూ కళావరూ రెండు చేతుల్లోనూ పూర్తిగా అయిపోయాయి.

ఇప్పుడు కళావరు గెలిచినవారు ఏం వేస్తారో చూడండి. వారు డైమను వేస్తే, రాణి ఎవరి దగ్గరున్నా ఫరవాలేదు. పడమర వేస్తే డమ్మీ నుంచి 5 ఆడితే చాలు: తూర్పు రాణి వేస్తే మీ ఆసు దాన్ని పట్టుకుంటుంది, వేయకపోతే మీ 10 గెలుస్తుంది. తూర్పు వేసినా ఇదే వరుస, ఈసారి చేతిలోనుంచి 4 ఆడతారు, డమ్మీలోని రాజూ జాకీ పని చేస్తాయి. వారు డైమను వేయడానికి భయపడి ఆఠీనో కళావరో వేస్తే డమ్మీలో తురుపు వేసి మీ చేతిలోని డైమను 4 పారేయవచ్చు, ఆ తరువాత డైమను రాజు, ఆసు, చేతిలోని చివరి తురుపు కలిసి మిగతా మూడు ట్రిక్కులు. ఏ దారిన వెళ్ళినా పన్నెండే. దీన్నే ఎలిమినేషన్, ఎండ్‌ప్లే అని ఆటగాళ్ళు పిలుస్తారు. ఇందులో ప్రత్యర్థికి తప్పించుకునే ముక్క ఒక్కటీ మిగలదు, కళావర్లు ఇద్దరి మధ్యా నాలుగు మూడుగా పంచుకున్నారా ఐదు రెండుగా పంచుకున్నారా అన్నది కూడా పట్టించుకోనక్కరలేదు, ఎందుకంటే మూడో రౌండు ఎవరు గెలిస్తే వారే చిక్కుతారు.

ఇక శాతం లెక్క. మీవైపు తురుపులు తొమ్మిది, బయట నాలుగు. ఆ నాలుగు రెండు రెండుగానో మూడు ఒకటిగానో విడిపోయే అవకాశం కలిపి 90 శాతం పైనే ఉంటుంది, నాలుగూ ఒకే చేతిలో పడే అవకాశం 10 శాతానికి కొద్దిగా తక్కువ. నాలుగూ తూర్పు చేతిలో పడితే రాజును పట్టవచ్చు గానీ, నాలుగు రౌండ్లు తీయవలసి రావడంతో డమ్మీలో తురుపు మిగలదు, అప్పుడు డైమను రాణిని ఊహించక తప్పదు. మిగిలిన సందర్భాలన్నిటిలోనూ ఇస్పేటు రాజు తూర్పు దగ్గర ఉంటే చాలు. అన్నీ కలిపితే సుమారు 47, 48 శాతం వస్తుంది. మీ భాగస్వామి చెప్పిన 25 శాతం మీరు ఆడిన ఆటకు వర్తిస్తుంది, కాంట్రాక్టుకు వర్తించదు. దాదాపు సగం అవకాశమున్న స్లామ్‌ను ఆటలో మీరే పావు అవకాశానికి దించారు, డైమను రాణి పడమర దగ్గర ఉండడం వల్ల ఆ దించిన భాగం మీకు తిరిగి దక్కింది. మీరు గట్టెక్కింది నిజమే. కానీ మీ ఇద్దరూ వాదించుకుంటున్న బిడ్డింగు దగ్గర కంటే, ఎవరూ గమనించని ఆ డైమను 4 దగ్గర మీ అదృష్టం ఎక్కువగా పనిచేసింది.

రాణి తూర్పు దగ్గర ఉండి ఉంటే ఏమయ్యేదో కూడా చూడండి. ఒక ట్రిక్కు తక్కువైన స్లామ్‌కు మైనస్ 100, అవతలి టేబుల్ దగ్గర 4 ఇస్పేట్లకు 650 గానీ 680 గానీ. తేడా 750 గానీ 780 గానీ, రెంటికీ 13 ఇంప్‌ల నష్టమే. మీకు వచ్చింది 13 ఇంప్‌ల లాభం. ఒక్క ముక్క ఇటా అటా అన్నదానిమీద 26 ఇంప్‌లు ఊగాయి, ఆ ఊగిసలాటను పూర్తిగా ఆపగలిగే దారి మీ చేతిలోనే ఉంది.

ఇది చదివాక "అయితే నా బిడ్డింగు సరైనదే కదా" అన్న ఆలోచన మీకు రావచ్చు. దానికి నేను ఒప్పుకోను. 6 ఇస్పేట్లు చెప్పినప్పుడు డమ్మీ మీకు కనపడలేదు, ఎండ్‌ప్లే సంగతి డమ్మీ కనపడ్డాక కూడా తట్టలేదు, అటువంటప్పుడు దాన్ని బిడ్డింగుకు సమర్థనగా తెచ్చుకోవడం న్యాయం కాదు. బిడ్డింగును ఆ క్షణాన మీకు తెలిసినదాన్ని బట్టే తూచాలి. మీకు 13 పాయింట్లు, ఆయనకు 15 నుంచి 17, మొత్తం 28 నుంచి 30. చిన్న స్లామ్‌కు సాధారణంగా 33 పాయింట్లు ఉండాలని చెప్పే లెక్క నోట్రంప్‌కు ఎక్కువగా, తురుపు కాంట్రాక్టుకు తక్కువగా వర్తిస్తుందన్నది నిజమే. ఐదో ఇస్పేటుకూ రెండే ఆఠీన్లు ఉన్నందుకూ కొంత కలుపుకోవచ్చు, మూడు ఆసులున్న చేతికి మరికొంత విలువ ఇవ్వవచ్చు. అన్నీ కలుపుకున్నా అది స్లామ్ గురించి అడిగి చూడదగిన చేయి మాత్రమే, ఒంటరిగా నిర్ణయించేసే చేయి కాదు.

మీరు అడిగిన బ్లాక్‌వుడ్ ఆ పని చేయలేదు. ఆసుల సంఖ్య మాత్రమే చెప్పే ఆ ప్రశ్న, రెండు ఆసులు లేని స్లామ్‌ను ఆపడానికి పనికొస్తుంది గానీ, పన్నెండు ట్రిక్కులు ఎక్కడి నుంచి వస్తాయో చెప్పదు. ఉదాహరణకు మీ భాగస్వామి చేతిలో ఇస్పేటు రాణి, 8, 7, 4. ఆఠీను ఆసు, రాణి, 6. డైమను రాణి, జాకీ, 5. కళావరు రాజు, జాకీ, 3 ఉన్నాయనుకోండి. అదీ 15 పాయింట్ల 1 నోట్రంపే, మీ 3 ఇస్పేట్లకు అదే 4 ఇస్పేట్లు, బ్లాక్‌వుడ్‌కు అదే 5 డైమన్లు, మీరు చెప్పబోయేదీ అదే 6 ఇస్పేట్లు. కానీ ఇప్పుడు నాలుగు రంగుల్లోనూ ఒక్కో ఫినెస్ ఉంది, ఒక్కటి మాత్రమే విఫలం కావచ్చు, కనీసం మూడు ఫలించాలి. ఎండ్‌ప్లేల సాయాన్ని పక్కన పెడితే ఆ అవకాశం పదహారింట ఐదు, అంటే సుమారు 31 శాతం. ఈ రెండు చేతుల మధ్య తేడాను మీ బిడ్డింగు గుర్తించలేకపోయిందన్నదే మీ భాగస్వామి అసంతృప్తిలోని అసలు సారం. ఆయన అంకె తప్పినా అనుమానం తప్పలేదు.

నేరుగా 3 ఇస్పేట్లు చెప్పే బదులు 2 కళావర్లతో స్టేమన్ (నాలుగు ఇస్పేట్లో ఆఠీన్లో ఉన్నాయా అని భాగస్వామిని అడిగే బిడ్) అడిగితే, ఆయన చెప్పే 2 ఇస్పేట్ల తరువాత ఇస్పేటును తురుపుగా ఒప్పుకుంటూ స్లామ్ వైపు ఆసక్తి మాత్రమే తెలిపే ఒక బిడ్ మీ జోడీకి ఉండాలి. చాలా జోడీలు ఆ స్థానంలో 3 ఆఠీన్లను అందుకు కేటాయించుకుంటారు. ఆ బిడ్‌కు సహజమైన అర్థం వారికి అక్కడ అవసరం ఉండదు కాబట్టి నష్టం లేదు. అప్పుడు తన 16 పాయింట్లలో ఆసులూ రాజులూ ఎక్కువా, రాణులూ జాకీలూ ఎక్కువా అని ఆలోచించుకుని నిర్ణయం తీసుకునే బాధ్యత ఆయనకు వెళుతుంది. ఆయన చేయి నాలుగు, మూడు, మూడు, మూడుగా ఉంది, ఎక్కడా తురుపు వేసే వీలు లేదు, కాబట్టి 4 ఇస్పేట్లలో ఆగిపోయి ఉండేవారని నా ఊహ. అలా ఆగినా మీరు పోగొట్టుకునేది ఏమీ ఉండేది కాదు, ఆ సంగతి స్కోరు లెక్కలోనే ఉంది.

వల్నరబుల్‌గా 6 ఇస్పేట్లు నిలిస్తే 1430, 4 ఇస్పేట్లలో అవే పన్నెండు ట్రిక్కులకు 680. తేడా 750, 13 ఇంప్‌లు. స్లామ్ ఒకటి తక్కువైతే మైనస్ 100, 4 ఇస్పేట్లలో ఆగి పదకొండు చేసినవారికి 650. తేడా మళ్ళీ 750, మళ్ళీ 13. లాభమూ నష్టమూ సమానం కాబట్టి చిన్న స్లామ్ సగం అవకాశం దగ్గరే గిట్టుబాటవుతుంది. వల్నరబుల్ కానప్పుడు ఇంప్‌లు 11కు దిగుతాయి గానీ సమానత్వం మారదు. 48 శాతం స్లామ్‌ను ప్రతిసారీ బిడ్ చేసినవారు పంపకానికి సగటున సగం ఇంప్ పోగొట్టుకుంటారు, అంటే బిడ్ చేసినా మానినా దాదాపు ఒకటే. నిజమైన 25 శాతం స్లామ్‌ను ప్రతిసారీ బిడ్ చేసేవారు పంపకానికి ఆరున్నర ఇంప్‌లు పోగొట్టుకుంటారు. అదృష్టం కలిసొచ్చినప్పుడు ఇంకా గట్టిగా బిడ్ చేయాలన్న మీ టీము సభ్యునికి ఈ రెండు అంకెలే నా జవాబు. ఇస్పేటు రాజు నిన్న తూర్పు దగ్గర ఉన్నదన్న సంగతి రేపటి పంపకానికి తెలియదు.

ఆయన మాటలో ఒక చిన్న సత్యం మాత్రం ఉంది, కాకపోతే అది స్లామ్‌కు కాక గేమ్‌కు (4 ఇస్పేట్ల వంటి, బహుమానం తెచ్చే మామూలు కాంట్రాక్టుకు) చెందింది. వల్నరబుల్‌గా 4 ఇస్పేట్లు బిడ్ చేసి నిలిపితే 620, ఆగిపోయి అవే పది ట్రిక్కులు చేస్తే 170. తేడా 450కి 10 ఇంప్‌లు. ఓడితే మైనస్ 100, ఆగినవారికి 140. తేడా 240కి 6 ఇంప్‌లే. కాబట్టి 37, 38 శాతం అవకాశమున్న గేమ్ కూడా టీముల పోటీలో గిట్టుబాటవుతుంది. మంచి ఆటగాళ్ళు ఆ మేరకు కావాలనే ఎక్కువ బిడ్ చేస్తారు, బయటివారికి అది దుడుకుతనంగా కనిపిస్తుంది. వల్నరబుల్ గేమ్‌కు పనికొచ్చే ఆ దూకుడును చాలామంది తెలియకుండానే స్లామ్‌కు కూడా పట్టుకుపోతారు, మీ జోడీలో మీరు ఆ అలవాటు ఉన్నవారేమోనని మీ ఉత్తరం చదువుతుంటే నాకు అనిపించింది. ఈ ప్రలోభం ఆట నియమాల్లోనే ఉంది. పాత ఆక్షన్ బ్రిడ్జిలో బిడ్ చేయకుండా చేసిన ట్రిక్కులు కూడా గేమ్‌కు లెక్కకు వచ్చేవి. 1925లో హెరాల్డ్ వాండర్‌బిల్ట్ రూపొందించిన కాంట్రాక్టు బ్రిడ్జి స్కోరింగులో బిడ్ చేసినవి మాత్రమే గేమ్‌కూ స్లామ్‌కూ లెక్క. అప్పటినుంచి ఒక మెట్టు పైకి వెళ్ళాలన్న ఆశ ప్రతి టేబుల్ దగ్గరా ఉంటూనే ఉంది.

ఆ ఆశకు గొప్ప ఆటగాళ్ళు కూడా అతీతులు కారు. 1975లో బెర్ముడాలో జరిగిన ప్రపంచ పోటీ, బెర్ముడా బౌల్ ఫైనల్లో, ఇటలీ జోడీ బెల్లడోన్నా, గరోజ్జో చివరి దశలో 7 కళావర్లకు చేరుకున్నారు. ఉత్తర అమెరికా జోడీ అవతలి టేబుల్ దగ్గర 6 నోట్రంప్‌లో ఆగి నిలిపింది. ఇటలీ గ్రాండ్ స్లామ్ (పదమూడు ట్రిక్కులూ చేయవలసిన కాంట్రాక్టు) నిలవాలంటే తురుపు రాజు ఒక నిర్దిష్టమైన ప్రత్యర్థి చేతిలో, తోడుగా ఒక్క ముక్కకు మించి లేకుండా ఉండాలి. ఎడ్డీ కాంటర్ చేతిలో అది సరిగ్గా అలాగే, రెండే ముక్కల్లో ఒకటిగా ఉంది. బెల్లడోన్నా ఫినెస్ చేసి, తరువాత ఆసు వేసి రాజును రాలగొట్టారు. 17 ఇంప్‌లు పోవలసిన చోట ఇటలీకి 12 వచ్చాయి, ఆ 29 ఇంప్‌ల తేడాతోనే 26 ఇంప్‌ల ఆధిక్యంలో బిరుదు వారికి దక్కింది. ఈ పంపకం గురించి అప్పటినుంచి ఎంతో రాశారు, కానీ 7 కళావర్లు మంచి కాంట్రాక్టని వాదించినవారిని నేను చూడలేదు. బెల్లడోన్నా ఆట గురించి మాత్రం ఫిర్యాదు లేదు. ఎక్కువ బిడ్ అయిపోయిందని డమ్మీ చూశాక తెలిసినా, గెలిపించగలిగే ఒకే అమరిక ఏదో కనిపెట్టి, అదే ఉందని నమ్మి ఆయన ఆడారు.

మీరు నేర్చుకోవలసింది కూడా అక్కడే ఉందని నా అభిప్రాయం. సాధారణమైన కాంట్రాక్టులో డిక్లేరర్ (కాంట్రాక్టు ఆడే వ్యక్తి) ఏ ముక్క ఎక్కడ ఉండే అవకాశం ఎక్కువ, చెడు పంపకం ఎదురైతే ఎలా తట్టుకోవాలి అని ఆలోచిస్తాడు. ఇదే డమ్మీతో మీరు 4 ఇస్పేట్లలో ఉండి ఉంటే ఇస్పేటు రాజు ఎక్కడున్నా గెలిచేవారు. ఎక్కువ బిడ్ చేసిన కాంట్రాక్టులో ప్రశ్న తిరగబడుతుంది: నేను గెలవాలంటే ముక్కలు ఎలా ఉండి తీరాలి? ఉండి తీరవలసినవాటిని ఉన్నాయనే అనుకుని, మిగిలిన ప్రతి అనిశ్చయాన్నీ తొలగించే దారి వెతకాలి. మీరు ఇస్పేటు రాజు విషయంలో మొదటి సగం చేశారు, ఫినెస్ ఫలించగానే ఊపిరి పీల్చుకుని, రెండో సగాన్ని అదృష్టానికే వదిలేశారు. ఒక గండం గడిచిన ఆనందంలో రెండో గండాన్ని కూడా అలాగే దాటేద్దామనుకోవడం ఓవర్‌బిడ్ చేసినవారిలో తరచుగా కనిపించే బలహీనత. తురుపు రాజు పడిపోయిన వెంటనే, డైమను ముట్టుకోకముందు, ముక్కలు బోర్లించి పట్టుకుని కాసేపు ఆలోచించే అలవాటు చేసుకోండి. ప్రత్యర్థులు విసుక్కున్నా ఫరవాలేదు.

ఎదుటివారి మాట గురించి క్లుప్తంగా చెబుతాను. వారు అన్నది నిజమే కావచ్చు, అయినా టేబుల్ దగ్గర అనకూడనిది. డూప్లికేట్ బ్రిడ్జి నియమావళిలో 74వ నియమం తోటి ఆటగాళ్ళకు చిరాకో ఇబ్బందో కలిగించే మాటలకు దూరంగా ఉండాలని చెబుతుంది. దాన్ని పట్టుకుని డైరెక్టరును పిలవమని నేను అనను, నవ్వి ఊరుకోండి.

మీ భాగస్వామి విషయం అంత తేలిక కాదు, ఎందుకంటే ఆయనతో మీరు రేపు కూడా ఆడాలి. క్షమాపణ అన్న పదం ఇక్కడ అక్కరలేదనుకుంటాను, ఫలితం మీవైపు వచ్చాక చెప్పే క్షమాపణ ఎదుటివారికి ఎగతాళిలా కూడా వినిపిస్తుంది. దానికి బదులు పోటీ వేడి తగ్గాక ఆయన దగ్గర కూర్చుని, పంపకాన్ని కాగితం మీద రాసి, రెండు సంగతులు ఈ వరుసలోనే చెప్పండి. మొదట, తన చేయి గురించి అడగకుండా స్లామ్ నిర్ణయించడం మీ పొరపాటని, 3 ఆఠీన్ల వంటి ఒక బిడ్ మీ జోడీకి కావాలని, దాని అర్థం ఆయనే నిర్ణయించాలని. ఆ తరువాత ఎండ్‌ప్లే చూపించండి. వరుస తిప్పి ముందు ఎండ్‌ప్లే చూపిస్తే, 25 కాదు 48 అని ఆయనను సరిదిద్దడానికే వచ్చినట్టు ఉంటుంది, అసలు విషయం అక్కడే ఆగిపోతుంది. పైగా ఆ పంపకం జరిగినప్పుడు ఆయన డమ్మీ, పడుకున్న ముక్కలను చూస్తూ కూర్చున్నారు, అయినా ఆయనకు కూడా ఆ దారి కనపడలేదన్న మాట మీరు అనకుండా ఆయనే గ్రహిస్తే మంచిది.

బిడ్డింగును ఇక నమ్మలేనన్న మాటను నేను తేలికగా తీసుకోను. భాగస్వామి ఎక్కువ బిడ్ చేస్తాడని తెలిసినవారు తమ చేతిని ఒక పాయింటు తగ్గించి చెప్పడం మొదలుపెడతారు, 17 ఉన్నచోట 16 ఉన్నట్టు నడుచుకుంటారు, అప్పుడు మీరు నిజంగా బలమైన చేయి పట్టినప్పుడు కూడా స్లామ్ తప్పిపోతుంది. ఆ నష్టం ఏ స్కోరు కాగితం మీదా ఈ పంపకం ఖాతాలో పడదు. ఆయన అలా తగ్గించడం ఇప్పటికే మొదలైందేమో గమనించండి. మీ ఆహ్వానాలను మంచి చేతులతో కూడా తిరస్కరిస్తున్నట్టు అనిపిస్తే, రాబోయే కొన్ని పోటీల్లో కావాలనే క్రమశిక్షణతో బిడ్ చేయండి, మాటలకంటే అది త్వరగా పనిచేస్తుంది.

ఆయనతో కూర్చున్నప్పుడు ఒక చిన్న మార్పు చేసి కూడా పంపకాన్ని ఆడి చూడండి. డమ్మీలో ఇస్పేట్లు నాలుగు కాక మూడే ఉండి, ఆ నాలుగోదాని స్థానంలో ఒక చిన్న ఆఠీను ఉందనుకోండి. బయటి ఐదు తురుపులు మూడు రెండుగా విడిపోయి మీరు మూడు రౌండ్లు తీస్తే డమ్మీలో తురుపు మిగలదు. అప్పుడు మూడో కళావరు గెలిచినవారు నిశ్చింతగా ఆఠీను వేసి బయటపడతారు, మీరు చేతిలో తురుపు వేసినా డమ్మీ నుంచి పోయేది అక్కడ మిగిలిన ఆఠీనే, చేతిలోని మూడో డైమనును తురుపు వేయడానికి అక్కడ ఏమీ ఉండదు. డైమను రాణిని ఊహించక తప్పదు, ఎవరి దగ్గర ఎన్ని ఆఠీన్లు, ఎన్ని కళావర్లు ఉన్నాయో లెక్కపెట్టి డైమన్లు ఎక్కువగా ఉన్నవారి దగ్గర రాణి ఉంటుందని అనుకోవడమే మిగిలిన దారి. ఆ చేతులతో అయితే మీ భాగస్వామి చెప్పిన 25 శాతం నిజానికి చాలా దగ్గరగా ఉండేది.